కాడ మొదట్లో కోసిన ముక్క

మా అక్కతో వాదించి గెలవడం ఎవరి తరమూ కాదు. మా అమ్మ ఆ ప్రయత్నం ఎప్పుడో మానుకుంది. మా పరిశోధనశాలను నడిపే పెద్దాయన కూడా, అక్క గది ముందు నుంచి పోవాల్సి వస్తే ఫోను చెవికి ఆనించుకుని ఎవరితోనో తెగ మాట్లాడుతున్నట్టు నటిస్తూ పోతాడు. అలాంటి అక్క, తన పరువు తీసే కాగితం మీద కిక్కురుమనకుండా సంతకం పెట్టింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. గెలిచానని లోలోపల సంబరపడ్డాను కూడా. నా మొహం!

మేమిద్దరం ఒకే చోట పనిచేస్తాం. అక్కది కింది అంతస్తు, సీసాల గది. వెలుగు చేరని లోతుల్లో పెరిగే పగడాలు అక్కడ స్పిరిట్‌లో మునిగి ఉంటాయి. సముద్రంలో ఉన్నప్పుడు ఎర్రగానో నారింజ రంగులోనో మెరిసే జీవాలు, సీసాలో పడ్డ కొన్నాళ్ళకే రంగంతా పోయి తడిసిన అట్టముక్కల్లా తయారవుతాయి. అందుకని చూడగానే ఇది ఫలానా అని చెప్పలేం. అక్క చిన్న ముక్క తుంచి బట్టల మరకలు పోగొట్టే బ్లీచింగ్ నీళ్ళలో వేస్తుంది. మాంసం కరిగిపోయి సున్నపు రవ్వలు మిగులుతాయి. ఆ రవ్వలు ఒక్కో జాతిలో ఒక్కో రూపంలో ఉంటాయి. మైక్రోస్కోపులో వాటిని చూసి పగడం ఊరూ పేరూ చెప్పేస్తుంది.

నాది పై అంతస్తు. అదే ముక్క నా చేతికొస్తే, దాని కణాల్లోని మైటోకాండ్రియా నుంచి డీఎన్‌ఏ తీసి, అందులో అక్షరాల వరస చదివి, ఏది దేనికి చుట్టమో తేలుస్తాను. మైటోకాండ్రియా తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. ఈ సంగతి ఒకసారి ఇంట్లో చెబితే మా అమ్మ కూర తరుగుతున్న కత్తి ఆపి, "అయితే మీ నాన్నది మీలో ఏమీ లేదా?" అంది ఆశగా. ఉందమ్మా, వేరే చోట ఉంది అన్నాను. "ఎక్కడుందో నాకు తెలుసులే. మీ ఇద్దరి నోట్లో ఉంది," అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

ఇక విసనకర్ర సంగతి. అక్క జీవితంలో ఒక్కసారే ఓడ ఎక్కింది. ఎక్కింది మొదలు దిగేదాకా వాంతులే. ఆ వాంతుల మధ్యే, నడిసముద్రంలో మునిగి ఉన్న ఒక గుట్ట మీద నుంచి ఇనప తొట్టి పైకి తెచ్చిన బురదలో అరచేయంత పగడం ఒకటి దొరికింది. విసనకర్రలా విచ్చుకుని ఉంది. డెక్ మీద పడ్డప్పుడు పైకొమ్మ నుంచి రాలిన పొట్టు ఏరి, రవ్వలు తీసి చూస్తే, అంతవరకూ ఎవరూ చూడని రూపం: నాలుగు రేకుల పువ్వులా ఉన్నాయట. కొత్త జాతి అని అక్క ప్రకటించింది. దానికి పెట్టిన శాస్త్రీయ నామం పలకాలంటే నాలుక మడతపడుతుంది. మేం విసనకర్ర అనే అంటాం. రెండోది ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.

ఆ గుట్ట నిండా ఖరీదైన లోహాలున్నాయి. గుట్టను గీకి వాటిని పైకి తెచ్చుకుంటామని ఒక కంపెనీ ఎప్పటినుంచో తిరుగుతోంది. మరెక్కడా లేని జీవం ఏదైనా అక్కడ ఉంటే గీకడానికి వీల్లేదన్నది చట్టం. అక్కడ ఉన్నవాటిల్లో అలాంటిది విసనకర్ర ఒక్కటే. అంటే ఆ గుట్ట మొత్తానికి కాపలా మా అక్క సీసా. అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే సంఘం ఈసారి, రవ్వలు చూసి చెప్పింది చాలదు, ఇది వేరు జాతి అని డీఎన్‌ఏతో రుజువు చెయ్యండి అని అడిగింది. చెయ్యాల్సింది నేను.

నా పరిస్థితి కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడు నా గదిలో రెండు చేపల నమూనాలున్న గొట్టాలు తారుమారయ్యాయి. తప్పుడు ఫలితం అచ్చులోకి పోయింది. నలుగురిలో నవ్వులపాలయ్యాం. పెద్దాయన పిలిచి, "ఇంకోసారి ఇలాంటిది జరిగిందంటే పైగదికి తాళం వేసేస్తానమ్మా. నువ్వు నీ దారి చూసుకోవాలి," అన్నాడు. కేకలేసి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అక్క నా పక్కనే నిలబడి ఉంది.

ముక్క కోసుకోవడానికి సీసాల గదికి వెళ్ళాను. అక్క మూత తీసి, విసనకర్రను పళ్ళెంలోకి దించింది. చంటిపిల్లకు స్నానం చేయించేటప్పుడు తల కింద చెయ్యి పెట్టినట్టు, దాని కింద అరచెయ్యి పెట్టింది.

"ఎక్కడ కోస్తావే, తొందరా?" అంది. నెలలు నిండకుండా పుట్టానని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు అది. ఆఫీసులో పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"నువ్వు నేర్పిన చోటే," అన్నాను.

సీసాల గదికి ఒక మర్యాద ఉంది. అక్కే పెట్టింది. ఏ పగడాన్నయినా కాడ మొదట్లోనే కోయాలి. మొహం మీద కోయకూడదు. పైకొమ్మలు పాడైతే తరవాత చూసేవాళ్ళకు దాని రూపం తెలియకుండా పోతుంది, మొదట్లో కోస్తే ఎవరి కంటా పడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక పగడం కొస తుంచితే, అక్క ఆఫీసులోనూ ఇంట్లోనూ నాతో మాట్లాడటం మానేసింది. ఉప్పు అందుకోవాలన్నా అమ్మ చేత అడిగించేది. ఆ దెబ్బతో బుద్ధొచ్చింది.

మొదట్లోనే కోశాను. అనుమానం లేకుండా ఉండాలని విడివిడిగా మూడు ముక్కలు. అంతసేపూ అక్క కళ్ళు మూసుకుని ఉంది.

"అయిపోయింది. కళ్ళు తెరువు. దానికేం నొప్పి పుట్టదు."

"దానికి కాదు, నాకు," అంది.

ఫలితం వచ్చింది. ఇలాంటి లోతుల్లో ఎక్కడ చూసినా కనపడే పగడం ఒకటుంది. ప్రతి ఓడా దాన్ని పైకి తెస్తుంది. మేం దాన్ని ఊరుమ్మడి అంటాం. విసనకర్ర వరస, ఊరుమ్మడి వరస పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క అక్షరం కూడా తేడా లేదు. రెండో ముక్క చదివాను. అదే. మూడోదీ చదివాను. అదే. అక్క పగడం వేరు జాతి కాదు, ఊరుమ్మడే. ఈ మాట అక్కకు చెప్పాలి.

చెప్పాను. అక్క అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. యుద్ధానికి దిగే ముందు అలాగే చేస్తుంది.

"పగడాల మైటోకాండ్రియా నత్తనడక నడుస్తుందని నీకు తెలీదా? చేపల్లో మనుషుల్లో మారినట్టు వీటిల్లో మారదు. రాతలో తప్పు పడితే దిద్దుకునే జీన్ ఏదో వీటికి ఉందని, మనకు లేదని, చెవినిల్లు కట్టుకుని నాకు చెప్పింది నువ్వేగా?"

"నేనే. నేను చదివింది ఆ జీన్‌నే. నెమ్మదిగా మారుతుంది అక్కా, అసలు మారకపోదు. దగ్గర చుట్టాల మధ్య కూడా కాస్తో కూస్తో తేడా ఉంటుంది. ఇక్కడ సున్నా."

"అలా అయితే నువ్వూ నేనూ అమ్మా ముగ్గురం ఒకటేనా? మన మైటోకాండ్రియాలో మాత్రం తేడా ఏముంటుంది?"

"మనం ముగ్గురం ఒకే జాతేగా!"

"నీ విషయంలో నాకు ఎప్పటినుంచో అనుమానమే," అంది. ఇద్దరం నవ్వాల్సిన మాట. ఎవరమూ నవ్వలేదు.

తరవాత గొంతులు లేచాయి. రవ్వలు అబద్ధం చెప్పవని తను, అక్షరాలు చెబుతాయా అని నేను. వరండాలో పోయేవాళ్ళు తలుపు దగ్గర ఆగి మళ్ళీ కదలడం వినిపిస్తూనే ఉంది. చివరికి నేను నోరు పారేసుకున్నాను.

"ఓడలో వాంతులు చేసుకుంటూ చూసిన రవ్వలేగా! కళ్ళు తిరుగుతుంటే నాలుగు రేకులేం ఖర్మ, నలభై రేకులు కనపడతాయి!"

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్న మాట వెనక్కి తీసుకుందామనుకున్నాను, నోరు రాలేదు. అక్క బల్ల మీది అద్దాలు తీసి పెట్టుకుంది.

"కోసినదాంట్లో పొట్టు ఏమన్నా మిగిలిందా?"

"ఉంది."

"ఇచ్చి వెళ్ళు. చూసి చెప్తా."

మర్నాడు అక్క మెట్లెక్కి నా గదికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ పైకి రాదు. ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి, "ఏదీ నీ కాగితం?" అంది. విసనకర్ర వేరు జాతి కాదు, ఊరుమ్మడే అని సంఘానికి నేను రాసిన కాగితం. కింద ఇద్దరి సంతకాలూ కావాలి.

"రవ్వలు చూశావా?" అన్నాను.

"చూశా. ఊరుమ్మడి రవ్వలే ఉన్నాయి."

"మరి నాలుగు రేకులు?"

"నువ్వే అన్నావుగా, వాంతుల్లో చూశానని." సంతకం పెట్టి, కలానికి మూత పెట్టి, నా తల మీద చెయ్యి వేసింది. "తొందరగా పంపించెయ్. నాన్చకు," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పంపించేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క టీ కూడా ముట్టకుండా, ఆరిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది. మడతపెట్టినవే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"దాన్నేమన్నావే?"

"నేనేం అనలేదమ్మా. వాదనలో నేను గెలిచాను, అంతే."

"నువ్వా? దాని మీదా?" అమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "అది కొట్లాడకుండా ఊరుకుందంటే ఒంట్లో జ్వరమైనా ఉండాలి, అబద్ధమైనా ఆడి ఉండాలి. నుదురు చూశాను. జ్వరం లేదు."

నాకు ఒళ్ళు మండింది. గెలిచినా గెలిచానని ఒప్పుకోరు ఈ ఇంట్లో. కానీ ఆ మాట చెప్పులో రాయిలా పట్టుకుంది. నాన్న పోయినప్పుడు ఆస్పత్రివాళ్ళతో కొట్లాడిన మనిషి అక్క. కూరగాయల దగ్గర, బస్సులో సీటు దగ్గర, నా పరీక్షల్లో ఒక్క మార్కు దగ్గర కొట్లాడిన మనిషి. ఒక్కగానొక్క విసనకర్ర దగ్గర ఎందుకు కొట్లాడలేదు?

మర్నాడు అక్క ఇంకా రాకముందే సీసాల గదికి వెళ్ళాను. మళ్ళీ ఒకసారి చదివితే నా మనసు కుదుటపడుతుందని. పగడాన్ని పళ్ళెంలో పెట్టి చూస్తే, కాడ మొదట్లో నేను కోసిన చోట మళ్ళీ చదవడానికి సరిపడా మాంసం మిగల్లేదు, ఎముకలాంటి కాడ బోసిగా కనిపిస్తోంది. కోయాలంటే పైనే కోయాలి. కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. తరవాత, అక్క మీద కోపంతోనే అనుకోండి, పైకొమ్మ కొసన, సరిగ్గా మొహం మీద, గోరంత ముక్క కోశాను.

పైకి తీసుకెళ్ళి దాన్ని చదివాను. ఊరుమ్మడికీ దీనికీ డజను అక్షరాల తేడా.

మళ్ళీ గొట్టాలు మార్చేశానా, దేవుడా? మళ్ళీ చేశాను, ఒక్కో గొట్టం మీద పేరు పైకి చదువుకుంటూ. అదే తేడా. ఈ వరస ఊరుమ్మడిది కాదు, మాకు తెలిసిన ఏ పగడానిదీ కాదు.

రెండు రోజుల తరవాత, అక్క రాకముందే మళ్ళీ సీసాల గదికి దిగి, సీసా తీసుకుని కిటికీ వెలుగులో భూతద్దం కింద పెట్టి, ఇన్నేళ్ళలో ఎవరూ సరిగ్గా చూడని చోటు చూశాను: కాడ మొదలు. నేను కోయగా మిగిలిన సన్నటి పొర ఒకటి కాడ చుట్టూ పాకి, అంగుళం కూడా పైకి రాకుండానే గీత గీసినట్టు ఆగిపోయింది. కాలికి మేజోడు తొడిగినట్టుంది. లోతుల్లో ముసలి పగడాలకు కాడ మొదట్లో మాంసం ఊడి బోసిపోతుంది. ఆ బోసికాడ మీద వేరే పగడం వచ్చి కాపురం పెడుతుంది. ఇది మాకు తెలియని సంగతి కాదు. స్పిరిట్‌లో రెండూ ఒకే అట్టముక్క రంగుకు దిగిపోయేసరికి, విసనకర్ర కాలికి ఊరుమ్మడి మేజోడు ఉందని ఎవరికీ తట్టలేదు. అద్దెకున్నవాడి వేలు పొడిచి ఇంటాయన రక్తం ఇదేనని రాసిచ్చాను నేను. మూడుసార్లు పొడిచాను, మూడుసార్లూ అద్దెకున్నవాడినే.

అప్పుడు అసలు సంగతి తట్టింది. అక్క చూసింది నేను ఇచ్చిన పొట్టే. అందులో ఊరుమ్మడి రవ్వలే ఉంటాయి మరి. పైకొమ్మలో నాలుగు రేకుల రవ్వల్ని తన కళ్ళతో చూసిన మనిషికి, కాడ మొదట్లో ఊరుమ్మడి రవ్వలు కనపడితే ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? అక్కకు తెలుసు. తెలిసే మెట్లెక్కి వచ్చింది.

గదిలోకి వస్తూనే నా చేతిలో సీసా చూసి అక్క తలుపు గడియ వేసింది.

"పైన కోశావా?"

"కోశాను. నీకు తెలుసు కదూ?"

"మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను! ఎందుకు చేశావ్ ఈ పని?"

అక్క స్టూలు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "పెద్దాయన అన్న మాట నేను విన్నానుగా. ఇంకో తప్పంటే నీ గదికి తాళం. ఈ వయసులో నిన్నెవరు చేర్చుకుంటారే? పైగా మొదట్లో కొయ్యమని నేర్పింది నేను. నా మాట విన్నందుకు నీ ఉద్యోగం పోవాలా?"

"గుట్ట పోతుందే, అక్కా! రేపు సంఘం కూర్చుంటోంది. ఆ కాగితం చూసి అనుమతి ఇచ్చేస్తారు. గీకి పారేస్తారు!"

"విసనకర్ర ఇక్కడ ఉంటుందిగా, సీసాలో," అంది. ఆ మాట తనకే నచ్చలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "పూటకోసారి చచ్చిపోతున్నాను తొందరా. కళ్ళు మూస్తే ఆ గుట్టే. కానీ అదా నువ్వా అంటే నేనేం చెయ్యను?"

నాకు జాలి వేయలేదు. పిచ్చి కోపం వచ్చింది. "నిన్నెవరు అడిగారు? నా తప్పు నువ్వు మొయ్యమని నీ కాళ్ళు పట్టుకున్నానా? ఇంకా చెయ్యి పట్టుకుని నన్ను రోడ్డు దాటిస్తున్నావా నువ్వు? నాకు తల నెరిసింది, చూడు!" అని జుట్టు పట్టుకుని చూపించాను. అక్క నిజంగానే చూసింది.

ఒక్క మాట, సిగ్గు విడిచి చెబుతున్నాను. అంత అరుస్తూ కూడా, నోరు మూసుకుంటే పోలా అని లోపల ఎక్కడో అనిపించింది. ఎవరికీ తెలియదు. కాగితం వెళ్ళిపోయింది. నా గది నాకుంటుంది. ఆ ఆలోచన వచ్చి వెళ్ళిపోయింది కానీ, వచ్చిన మాట నిజం.

"రేపు నేను చెబుతాను," అన్నాను. "కోసింది నేను, తప్పు నాది. నువ్వు పొట్టు చూడలేదు. నన్ను నమ్మి గుడ్డిగా సంతకం పెట్టావు. సరేనా?"

"చూడకుండా పెట్టానా? నేనా?" ఏడుస్తున్న మనిషి ఒక్కసారి నిటారుగా అయింది.

"అవును. చూసి పెట్టావని తెలిస్తే ఇక నీ మాట ఎవరు నమ్ముతారు? నాలుగు రేకుల రవ్వలు ఉన్నాయన్నది కూడా నీ మాటేగా. విసనకర్ర బతకాలంటే నువ్వు చూడలేదు. అంతే."

అక్క కళ్ళు తుడుచుకుని, నా చేతిలో సీసా తీసుకుని మూత బిగించింది. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

సంఘం కూర్చున్న గదిలో పొడుగాటి బల్ల, మంచినీళ్ళ సీసాలు, ఏసీ చలి. బల్లకు ఆ చివర అధ్యక్షురాలు. పక్కగా కంపెనీ తరఫు వకీలు, మెరిసే బూట్లతో. గోడవార కుర్చీల్లో పెద్దాయన, ఆయన పక్కన అక్క. నేను లేచి రెండు వరసలూ తెర మీద వేసి, కాడ మొదలు ఫొటో చూపించి, ఏ చోట కోశానో, ఎందుకు తప్పానో చెప్పాను. పెద్దాయన మొహం చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని తెలుసు.

వకీలు మర్యాదగానే అడిగాడు. "మొన్న ఒకటే అన్నారు. ఇవాళ వేరన్నారు. ఎల్లుండి ఇంకేదో అనరని ఏమిటి? ఈ పైముక్క కూడా వేరే దేనిదో ఎందుకు కాకూడదు?"

"పైకొమ్మలో రవ్వలు వేరు. అవి మాకు తెలిసిన వేరే ఏ పగడానివీ కావు," అన్నాను.

"ఆ రవ్వలు చూసింది ఎవరు?"

"మా అక్క."

"మొన్నటి కాగితం మీద సంతకం పెట్టిందీ ఆవిడేగా. ముక్కను చూసి పెట్టారా, చూడకుండా పెట్టారా?"

"చూడకుండా," అన్నాను. "నా మాట నమ్మి పెట్టింది."

వెనక కుర్చీ కిర్రుమంది. తిరిగి చూడకుండానే తెలిసింది. అక్క లేచింది.

"చూశాను," అంది. "చూడకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను. తప్పుడు చోట కోసిందని నాకు ఆ రోజే తెలిసింది. తెలిసే పెట్టాను. ఇది నా చెల్లెలు. దీని ఉద్యోగం పోతుందని భయపడి పెట్టాను."

పెద్దాయన ఫోను కోసం జేబు తడుముకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అందుకని నన్ను నమ్మకండి," అంది అక్క, వకీలు వైపు తిరిగి. "నా కళ్ళను నమ్మకండి. దీన్నీ నమ్మకండి. సీసా మీకిస్తాను. మా మొహం తెలియని వాళ్ళ దగ్గరికి పంపించి, వాళ్ళ చేత పైకొమ్మ కోయించి, చదివించుకోండి. ఆ అక్షరాలకు అక్కచెల్లెళ్ళు ఉండరు." కూర్చోవడానికి కుర్చీ కోసం చేత్తో వెతుక్కుంది. నేను వెళ్ళి పట్టుకున్నాను.

సీసా వెళ్ళింది. తిరిగి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. వాళ్ళు చదివిన వరస, నేను పైకొమ్మ నుంచి చదివిన వరస ఒక్కటే. ఊరుమ్మడితో అదే డజను అక్షరాల తేడా. విసనకర్ర వేరు జాతే. గుట్ట మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదని సంఘం రాసింది.

పెద్దాయన మాట తప్పే మనిషి కాదు. నా గదికి తాళం పడింది. యంత్రాలు వేరే ఊరికి పోయాయి. అక్క సంగతి ఇంకా ఘోరం. తెలిసి తప్పుడు సంతకం పెట్టిన మనిషి ఇన్నేళ్ళుగా పేర్లు పెట్టిన సీసాలన్నీ మళ్ళీ పరీక్షించాలన్నారు. ప్రతి పగడం నుంచీ పైన ఒకటి, మొదట్లో ఒకటి ముక్కలు కోసి బయటికి పంపాలి. అప్పటిదాకా అక్క ఏ పగడానికీ పేరు చెప్పకూడదు, మైక్రోస్కోపు ముట్టకూడదు. సీసాలు దించి ఇవ్వవచ్చు. కోసే పని నాకు వేశారు. దయతో వేశారో, శిక్షగా వేశారో పెద్దాయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇదంతా అమ్మకు చెప్పాం. "ఇద్దరూ కలిసి ఉద్యోగాలు నాశనం చేసుకుని, నీళ్ళ అడుగున ఎవరికీ కనపడని మొక్కని కాపాడారా?" అంది.

"మొక్క కాదమ్మా, జంతువు," అన్నాం ఇద్దరం ఒకేసారి.

"ఇంకా నయం," అంది అమ్మ. కానీ ఆ రోజు అక్క వద్దంటున్నా వినకుండా, పక్కన కూర్చుని తినిపించింది.

మొదటి సీసా దించిన రోజు అక్క మైక్రోస్కోపు మీద ముసుగు వేసి ఉంది. బల్ల ఖాళీగా ఉంది. అక్క పగడాన్ని పళ్ళెంలోకి దించి, దాని కింద అరచెయ్యి పెట్టింది. అది తను చాలా ఇష్టపడే పగడాల్లో ఒకటి, కొసలన్నీ దువ్వెన పళ్ళలా సన్నగా ఉంటాయి. నేను అలవాటు కొద్దీ కాడ మొదట్లో బ్లేడు ఆనించాను.

అక్క నా మణికట్టు పట్టుకుంది. మెల్లగా పైకి జరిపింది, కొసల దాకా.

"ముందు ఇక్కడ కొయ్యి," అంది. "మొహం మీద."

కళ్ళు మూసుకుంటుందేమోనని అక్క వైపు చూశాను. మూసుకోలేదు.

"కొయ్యవే తొందరా," అంది. కోశాను.